ఎడమ పక్క ఖాళీ

ఆ వానాకాలమంతా నాకు రెండే పనులు. పగలు వెబ్‌సైటు పేజీలు కట్టడం నేర్చుకోవడం, సాయంత్రం ఏడో నంబరు బస్సు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం. మొదటిది ఇష్టపడి మొదలుపెట్టాను. రెండోది దాన్లోంచే పుట్టుకొచ్చింది.

నేను పదిహేనేళ్లు టైపు చేసిన ఆఫీసు మూసేశారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, సైకిలు షాపు మేడ మీద ఉన్న శిక్షణ కేంద్రంలో చేరాను. క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. నాకు నలభై మూడు. మొదటి రోజు నన్నే మేడం అనుకుని అందరూ లేచి నిలబడ్డారు. అసలు మేడం నా వెనకాలే వచ్చి, "కూర్చోండి, ఈవిడా మీలాగే నేర్చుకోవడానికి వచ్చింది" అంది. మనిషి పొట్టి, మాట కటువు. వస్తూనే కంప్యూటర్లన్నింటికీ మౌసులు పీకి ఓ అట్టపెట్టెలో పడేసి మూత పెట్టింది.

"చేతులు వణికేవాళ్లుంటారు, కళ్లు సరిగా ఆననివాళ్లుంటారు, అసలు చూపే లేనివాళ్లుంటారు. మీ పేజీ వాళ్లందరికీ పనికిరావాలి. రాకపోతే అది పేజీ కాదు, గోడ. రెండు వారాలు కీబోర్డుతోనే కాలక్షేపం చేయండి, అప్పుడు తెలుస్తుంది" అంది.

తర్వాత బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఓ మాట రాసింది. మూడు నెలలూ దాన్ని ఎవర్నీ తుడవనివ్వలేదు. "వాడేవాళ్లు తప్పు చేయరు. పేజీ తప్పు చేస్తుంది."

ఆ మాట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏ ఫారం నింపలేకపోయినా, ఏ మెషీను ముందు తెల్లమొహం వేసినా, నా తెలివితక్కువతనమే అనుకుంటూ బతికాను. కాదట, తప్పు దానిదట. ఇంటికి వెళ్లి మా ఆయనకి ఆ మాట నాలుగుసార్లు చెప్పాను.

మా ఆయన బడి బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ల సర్వీసు, చిన్న దెబ్బ కూడా లేదు. ఏడో నంబరు బస్సుని ఇంట్లో మనిషిలా చూసుకుంటాడు. నలభై రెండు మంది పిల్లలు ఎక్కుతారు, అందులో నాలుగో తరగతి చదివే మా పాప ఒకతి. అందుకే శిక్షణలో ఎవరికి వాళ్లు ఒక నమూనా వెబ్‌సైటు తయారుచేయాలని చెప్పగానే, నేను ఇంకో ఆలోచన లేకుండా బడి బస్సుల పేజీ తీసుకున్నాను. బస్సు ఎక్కడిదాకా వచ్చింది, ఎంత ఆలస్యం, ఏదైనా చెప్పాలంటే ఎక్కడ చెప్పాలి, అంతే. పరీక్షించడానికి మనిషి ఇంట్లోనే ఉన్నాడాయె.

పొద్దుటి ట్రిప్పు అయ్యాక ఆయన పదింటికి ఇంటికొస్తాడు. మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ వెళ్తాడు. ఈ మధ్య స్కూటరు తీయడం మానేశాడు. నడిస్తే ఒంటికి మంచిదట. సెలవు రోజున ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, మేడం నేర్పినట్టు పక్కన కుర్చీ వేసుకున్నాను. పరీక్ష పెట్టేవాళ్లు కిమ్మనకూడదు, వేలు చూపించకూడదు, చూసి రాసుకోవాలి.

"బస్సు ఆలస్యమా కాదా తెలుసుకోవాలి. ఎక్కడ నొక్కుతారు?" అన్నాను.

ఎడమ పక్కన నొక్కే పేర్లు, ఆలస్యం లాంటివి, నాలుగు వరసల్లో పెట్టాను. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు, కంటికి కొట్టొచ్చినట్టు ఉన్నాయి. ఆయన తెర మధ్యలో చూశాడు, కిందకి చూశాడు, పైకి చూశాడు. "ఏదీ, ఎక్కడ దాచావు పంతులమ్మా?" అన్నాడు నవ్వుతూ.

కాగితం మీద రాసుకున్నాను: ఎడమ పక్క పేర్లు, కనబడలేదు. పేజీ తప్పు.

మర్నాడు ఆ పేర్లని పెద్దవి చేశాను. కనబడలేదు. పసుపు గీత గీశాను. కనబడలేదు. పైకి జరిపి, మధ్యలోకి తెచ్చాక కానీ ఆయన "అదిగో!" అనలేదు. బడికి ఏదైనా చెప్పాలంటే నింపే ఫారంలోనూ అదే తంతు. గడి పేరు ఎడమ పక్క ఉంటే దాటేసి పోయాడు. పేరుని గడి నెత్తిన పెడితే చకచకా నింపాడు. ఇలా నెల తిరిగేసరికి ఎడమ నుంచి ఒక్కొక్కటీ మధ్యకి జరిగిపోయాయి. పేజీ ఆయన వంటికి కుట్టినట్టు తయారైంది. మేడం చూసి, "ఇంత ఓపిగ్గా ఎవరూ సరిదిద్దలేదు" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. ఇంటిదాకా వానలో తడుస్తూ పాడుకుంటూ వచ్చాను.

ఫారం విషయంలో మాత్రం చీవాట్లు పడ్డాయి. నొక్కాక ఏమీ జరగనట్టు ఊరుకుంటోంది నా పేజీ. "నొక్కిన మనిషికి ఏమైందో చెప్పాలి. చేరిందా లేదా అని వాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చోకూడదు" అంది మేడం. అప్పటికప్పుడు రాసిపెట్టాను: "మీ మాట మాకు చేరింది. ఈ రోజే జవాబిస్తాం." నిజానికి బడివాళ్లు ఆ పేజీ మొహమైనా చూడలేదు. అది నమూనా, అంతే. దాన్లో ఎవరేం రాసినా వచ్చి పడేది నా మెయిల్లోనే. ఆ సంగతి నాకు తెలుసు కదా అని, ఇంకెవరికీ చెప్పలేదు.

తర్వాత మేడం ఇంకో మెలిక పెట్టింది. ఒక్క మనిషి చేత చేయిస్తే పరీక్ష కాదు, కనీసం ఐదుగురైనా ఉండాలి. పక్కింట్లో టైలరు మామయ్యని పిలిచాను. డెబ్బై దాటాయి, సీసా అడుగంత మందం కళ్లజోడు. ఈయన ఎక్కడ చూడగలడులే అనుకున్నాను. కూర్చున్న నిమిషంలో అడిగినవన్నీ నొక్కేసి నా వైపు తిరిగాడు.

"అన్నీ బాగున్నాయమ్మా. ఎడమ పక్క అంత గుడ్డ ఎందుకు వదిలేశావు? దండగ కదూ?"

"అక్కడ పెడితే కనబడదు మామయ్యా."

"ఎవరికి?"

మొట్టమొదటి పేజీ తెరిచి చూపించాను, ఎడమ పక్క నీలం పేర్లున్నది. ముసలాయన కళ్లజోడు సవరించుకుని, "ఇదిగో, ఆలస్యం అని ఇక్కడే ఉందిగా. ఇదే నయం. పక్క జేబులా ఒద్దికగా ఉంది" అన్నాడు.

ఆయన వెళ్లాక పరీక్ష కాగితాలన్నీ మంచం మీద పరిచాను. ఎడమ పక్క పేర్లు, కనబడలేదు. ఎడమ గడి పేరు, కనబడలేదు. ఎడమ మూల ఎర్ర హెచ్చరిక, కనబడలేదు. పదిహేడు కాగితాలు, నా దస్తూరీ, ప్రతి దాని కిందా "పేజీ తప్పు" అని నేనే రాసి గీత కొట్టుకున్నాను.

ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. బల్ల మీద ఎడమ చేతి పక్కనున్న గ్లాసు రెండుసార్లు ఒలికింది. గుమ్మానికి ఎడమ భుజం తగిలి చొక్కా చిరిగింది. స్కూటరు ఆర్నెల్లుగా మూలన పడుంది. ఏటా డ్రైవర్లకి కంటి పరీక్ష చేస్తారు, ఈయన చివరి వరస అక్షరాలు కూడా గడగడా చదివేసి వస్తాడు. ఎదురుగా ఉన్నవి కనబడకేం, నిక్షేపంలా కనబడతాయి. నేను నెల రోజులుగా ఆయన కళ్లకి పరీక్ష చేసి, పేజీకి మందు వేస్తూ కూర్చున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటల్లో మాటగా అడిగాను, "బస్సులో అంతా బాగానే ఉందా?" అని.

ఆయన తలెత్తేలోపే పాప అందుకుంది. "ఆయమ్మకి భలే పనమ్మా ఇప్పుడు! ఎడమ కిటికీ దగ్గర నిలబడి, సైకిల్ అన్నా, మనిషి అన్నా, గేటు అన్నా అని చెప్తూనే ఉండాలి. నాన్న కూర్చోనివ్వడు."

ఆయమ్మ అంటే పిల్లల్ని ఎక్కించి దించే ఆవిడ. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన కంచంలోకి చూస్తున్నాడు.

"వానకి అద్దం మసకేస్తోంది" అన్నాడు.

"వాన నెల నుంచే కదండీ పడుతోంది. స్కూటరు తీయక ఆర్నెల్లయింది."

"అయితే ఏమంటావు?"

"ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం. అంతే."

కంచం పక్కకి నెట్టాడు. "ఇరవై రెండేళ్లు. ఒక్క పిల్లకి గీత పడలేదు. రెండు నెలలు కంప్యూటరు ముందు కూర్చుని నువ్వు నాకు చూపు గురించి చెప్తావా?" ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. కోపమని అప్పుడనుకున్నాను. ఆయన కూడా హడలిపోయి ఉన్నాడని నాకు తట్టలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు నేనేం చేశానో చెప్పాలి. ఏమీ చేయలేదు. బడికి ఫోను చేసి చెబితే ఆయన బతుకు అంతటితో సరి. ఆ బస్సు లేకపోతే ఆ మనిషి ఎవరో ఆయనకే తెలీదు. చెప్పకపోతే... ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా భయమేసేది. సాయంత్రం నాలుగూ నలభైకి బస్సు మా మలుపు తిరగాలి. నాలుగున్నర నుంచే వీధిగుమ్మంలో నిలబడేదాన్ని. వానలో ఏ బండి బ్రేకు కీచుమన్నా వీధిలోకి పరిగెత్తేదాన్ని. ఓ రోజు ఏడు నిమిషాలు ఆలస్యమైంది. గుమ్మం పట్టుకుని ఉన్నానేమో, పాప వచ్చి "అమ్మా, వేళ్లు తెల్లగా అయిపోయాయేంటి?" అని అడిగింది. ఇంకో రోజు బస్సు ఎడమ పక్క పొడుగునా తాజా గీత, పసుపు రంగు లేచిపోయి రేకు మెరుస్తోంది. చెట్టు కొమ్మ అన్నాడాయన. ఆయమ్మ నా కళ్లలోకి చూడలేదు.

పన్నెండో రోజు పొద్దున పాపకి జ్వరమని చెప్పాను. దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టాను. నా బిడ్డని నేను దాచుకున్నాను. మిగతా నలభై ఒక్కరూ ఎక్కుతారని తెలిసే ఆ పని చేశాను. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం దగ్గరికొచ్చి, వంగి పాప నుదుటి మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తీయలేదు.

"జ్వరం లేదు కదా దీనికి" అన్నాడు.

నేను దుప్పటి అంచు సర్దాను. ఆయన నా వైపు చూడకుండా గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

పాపని టైలరు మామయ్య ఇంట్లో దింపి క్లాసుకి వెళ్లాను. ఆ రోజు నమూనాలు చివరిసారి చూసే రోజు. నా వంతు వచ్చేసరికి గోడ గడియారంలో మూడూ ఐదు. మేడం నా కుర్చీ వెనక నిలబడి, "ఫారం పనిచేస్తోందా? ఏదీ, వచ్చినవి చూపించు" అంది. మెయిల్ తెరిచాను. నేను పరీక్ష కోసం పంపుకున్నవాటి పైన ఒక కొత్తది ఉంది. మధ్యాహ్నం పన్నెండూ పదికి వచ్చింది.

"బస్సు నంబరు: 7.
చెప్పదలచుకున్నది: ఈ బస్సు డ్రైవరుకి ఎడమ పక్క కనబడటం లేదు. ఆర్నెల్లయింది. చెప్పడానికి నోరు రాలేదు. వేరే డ్రైవరుని పెట్టండి. ఆయమ్మ తప్పేం లేదు, నేను చెప్పమన్నట్టు చెప్పింది.
పేరు: డ్రైవరు."

ఒంటి వేలితో కొట్టి ఉంటాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఏ గడీ వదిలేయలేదు. ఆయన వదిలేయకుండా ఉండేలాగే కదా నేను ఆ ఫారాన్ని కట్టింది.

"ఇది పరీక్ష కోసం రాసిందేనా?" అంది మేడం.

"కాదు మేడం. మా ఆయన."

"ఎక్కడికి చేరిందనుకుంటున్నాడు?"

"బడికి." ఆ మాట అన్నాక కానీ నాకు వెలగలేదు. "చేరింది, ఈ రోజే జవాబిస్తాం అని రాశాను కదా మేడం. ఆయన జవాబు కోసం చూస్తూ ఉంటాడు."

"సాయంత్రం బస్సు ఎన్నింటికి?"

"మూడున్నరకి."

మేడం గడియారం వైపు చూసింది. "ఇంకా కూర్చున్నావేం?" అంది.

మెట్ల మీదే ఆయనకి ఫోను చేశాను. కట్టేసి ఉంది. మూడింటికల్లా డ్రైవర్లు ఫోన్లు ఆఫీసులో పెట్టేయాలి, అది బడి రూలు. బస్సుల సూపర్‌వైజరుకి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. గొడుగు క్లాసులోనే వదిలేశాను. కుండపోతగా వాన. ఆటో ఒక్కటీ ఆగలేదు. పరిగెత్తాను. నలభై మూడేళ్ల ఒళ్లు, ఒక చెప్పు ఎక్కడో బురదలో ఉండిపోయింది. దారి పొడుగునా నా కళ్ల ముందు నా చేత్తో రాసిన ఆ రెండు ముక్కలే. మీ మాట మాకు చేరింది. ఎవరికి చేరింది? తప్పు చేసిన పేజీ ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అన్నీ సరిగ్గా ఉండి, ఒక్క అబద్ధం చెప్పేదే తప్పు పేజీ.

బడి ఆవరణలోకి వెళ్లేసరికి గంట కొట్టేశారు. ఏడో నంబరు ఇంజిను నడుస్తోంది. సగం మంది పిల్లలు ఎక్కేశారు, మిగతావాళ్లు తడిసిన సంచులతో తోసుకుంటున్నారు. వాళ్లని అలాగే నిలబెట్టమని ఆయమ్మకి చేత్తో సైగ చేసి, ఎడమ తలుపు మెట్టు ఎక్కాను. ఆయన సీట్లో నిటారుగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు.

"ఏవండీ" అన్నాను.

ఉలిక్కిపడి తల పూర్తిగా తిప్పాడు. నా వాలకం చూసి ఏమీ అడగలేదు.

"బడికి రాశాను, నీ పేజీలో" అన్నాడు మెల్లగా, పిల్లలకి వినబడకుండా. "మూడింటిదాకా చూశాను. జవాబు రాలేదు. వస్తే దిగిపోయేవాణ్ణి. రానప్పుడు ఏం చేయను? పిల్లలు ఇళ్లకి పోవద్దూ?"

అది బడికి పోలేదండీ, నాకే వచ్చింది అని చెప్పబోయాను. అలా చెబితే, ఎవరికీ తెలియలేదన్నమాట, ఈ ఒక్కరోజుకి లాగించేద్దాం అనిపిస్తుందేమో. ఆయనకి కాదు, నాకు. ఆ క్షణంలో నాకు అదే ఎక్కువ భయమేసింది.

"జవాబు వచ్చింది" అన్నాను.

"ఏమన్నారు?"

"దిగమన్నారు."

ఇంజిను ఆగిపోయింది. అంతసేపూ దాని హోరులో కలిసిపోయిన వాన చప్పుడు ఒక్కసారిగా పైకి వచ్చింది. ఒకడెవడో వెనక సీట్లోంచి "అన్నా, పోదామా?" అని అరిచాడు.

తర్వాత జరిగినవి చాలా ఉన్నాయి. సూపర్‌వైజరు వచ్చి కేకలేసి, మెయిల్ చదివి, కేకలు మానేశాడు. పిల్లలు నలభై నిమిషాలు ఆలస్యంగా ఇళ్లకి చేరారు, తల్లిదండ్రులు తిట్టిపోశారు. కళ్ల డాక్టరు దాని పేరు నీటికాసులన్నాడు. చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తుందట, రెండు కళ్లకీ ఉంది, ఎడమ వైపు ఎక్కువట. పోయింది తిరిగి రాదు, మిగిలింది చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చన్నాడు. ఫారం సంగతి ఆయనకి వారం తర్వాత చెప్పాను. "మరి చేరిందని రాశావుగా?" అన్నాడు. "చేరింది, నాకే" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆ మాట ఆ రోజే పేజీలోంచి తీసేసి, ఇది నమూనా మాత్రమే అని పైన పెద్ద అక్షరాలతో పెట్టాను.

కానీ ఆ కాలమంతటిలో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టేది ఆ తాళాలే. ఇంజిను ఆపాక ఆయన తాళం తీశాడు, గుత్తిని ఓసారి గుప్పిట్లో బిగించాడు, ఎదురుగా అద్దం వైపు చూస్తూ చెయ్యి చాచాడు. నేను ఎడమ మెట్టు మీద, ఆయనకి బారెడు దూరంలో ఉన్నాను. చాచిన చెయ్యి ఖాళీలోనే ఉండిపోయింది.

"ఎక్కడున్నావు?" అన్నాడు.

"ఇక్కడే" అన్నాను. అన్నానే గానీ అక్కడ నిలబడలేదు. మెట్టు దిగి, వానలో బస్సు ముందు నుంచి చుట్టూ తిరిగి, ఆయన కుడి పక్కకి వెళ్లి నిలబడ్డాను. కిటికీలోంచి నన్ను చూసి తాళాలు ఇచ్చాడు.